ఏసురత్నంగారికి వినపడని ఇంజన్లు

1974. విజయవాడ ఆటోనగర్‌లో, పొలాలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను సూపర్‌వైజర్ని. మా పాత ఫిట్టర్ ఏసురత్నంగారి చెవి ఎలాంటిదంటే, గన్నవరంలో ఇంజను దగ్గితే ఇక్కడ కూర్చుని ఏ బేరింగో చెప్పేవారు. సగం నమ్మండి, చాలు.

అక్కడ ఒక ఇంజను మొత్తం ఒకే ఫిట్టరు బిగించేవాడు. రైతు వచ్చాక స్టార్ట్ చేసి చూపించేదీ అతనే. నేను చేరగానే నాలుగు పుస్తకాల తెలివితో ఆ పనిని ముక్కలు చేశాను. ఏసురత్నంగారికి బేరింగ్ స్క్రాపింగ్ ఒక్కటే మిగిలింది. అంటే షాఫ్ట్ సాఫీగా తిరిగేలా బేరింగ్ లోపలి లోహాన్ని వెంట్రుకవాసి గీకడం. ఇంజను నడిపి చూసే టెస్టింగ్‌ని గోడ అవతలి షెడ్డులో వేరేవాళ్లకు అప్పగించాను.

మొదట్లో పని జోరందుకుంది, నేనూ కాలరెగరేశాను. రెండు నెలలకు టెస్టింగ్‌లో షాఫ్టులు పట్టేసి ఇంజన్లు ఆగిపోసాగాయి. అన్నీ ఏసురత్నంగారు గీకినవే.

"ముసలాడైపోయాడయ్యా. మెమో ఇచ్చి శనివారానికి పంపించెయ్" అన్నారు యజమాని.

మెమో పట్టుకుని ఏసురత్నంగారి బల్ల దగ్గరికి వెళ్లాను.

"ఏంటి ఏసురత్నంగారూ, చేతులు మొరాయిస్తున్నాయా?"

"చేతులు బానే ఉన్నాయండి. చెవులకే పని లేదు."

"గీకడానికి చెవులెందుకండీ?"

"మీరు కూర వండి, ఉప్పు చూడమని పక్కింటోళ్లకి పంపుతారాండీ? నేను గీకింది ఎలా తిరుగుతుందో విని రెండు నెలలైంది. ఎంత గీకాలో చెయ్యి మర్చిపోతోందండి. బాలేదని చెప్పినోడూ లేడు, ఇదిగో మీ కాగితం తప్ప."

మెమో జేబులో పెట్టేసుకుని యజమాని దగ్గరికి పరుగెత్తాను. "టెస్టింగ్ షెడ్డులో తాచుపాము దూరిందండీ! పడగ చేటంత ఉంది!"

ఆయనకు పామంటే ప్రాణం పోతుంది. ఆ పూటే టెస్టింగ్ ఏసురత్నంగారి బల్ల పక్కకు మారింది. మొదటి ఇంజను స్టార్ట్ కాగానే ఆయన తల పక్కకు వాల్చి విన్నారు.

"ఆపండాపండి! పెద్ద బేరింగు బిగుసుకుంటోంది."

విప్పి, రెండు గీతలు గీకి, మళ్లీ బిగించి తనే హ్యాండిల్ తిప్పారు. ఆ వారమంతా ఒక్క షాఫ్టూ పట్టలేదు.

శనివారం యజమాని వచ్చారు. "పామేమైందయ్యా?"

"వెళ్లిపోయిందండి."

"మరి మెమో?"

"అదీ దాంతోపాటే పోయిందండి."

ఆయన నన్నూ, నడుస్తున్న ఇంజన్నూ చూశారు. "ఆ షెడ్డుకి తాళం వేయించు. మళ్లీ దూరుతుందేమో" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఎన్నోచోట్ల ఎందరికో పని పంచాను. తను చేసింది ఎలా నడుస్తోందో ఆ మనిషికి తెలిసే దారి ఉందా అని ముందు చూసుకుంటాను. ఏసురత్నంగారికి ఆ దారి మూసింది నేనే. ఆ మెమో మీద నా పేరుండాల్సింది.