పెద్ద తలుపులో చిన్న తలుపు

మా వీధి మేస్త్రి తాత సోమవారం పొద్దున్న పోయాడు. ఆ కబురు చెప్పినవాళ్లే, అదే నోటితో తుఫాను వస్తోందని కూడా చెప్పారు. ముందు ఏడవాలో భయపడాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియడం లేదు.

వయసులో ఉండగా తాత తాపీ పనికి ఇరాన్ వెళ్లి, అక్కడ ఒక పాత కారవాన్‌సరాయికి మరమ్మతులు చేశాడు. ఒంటెల బిడారులు పగలంతా ఎడారిలో నడిచి, పొద్దుగూకేలోగా చేరుకునే సత్రమట అది. బయటికి ఒక్క కిటికీ లేని నాలుగు గోడలు, ఒకటే గుమ్మం, నడుమ బావి ఉన్న వాకిలి, చుట్టూ వర్తకుల గదులు, వాటి వెనక ఒంటెల సాలలు. దొంగలకీ ఇసక గాలికీ గోడే మందు అనేవాడు. శ్రీకాకుళం తిరిగొచ్చాక మా చర్చి హాలు కట్టే పని దొరికితే, సరిగ్గా ఆ నమూనాలోనే కట్టేశాడు. కిటికీలేవని పెద్దలు గొడవపడితే, అన్నీ లోపలి వాకిలి వైపు పెట్టాను కదా అన్నాడు. మహా మొండివాడు. పెళ్లివారూ, పెద్దాసుపత్రికి వచ్చిన పల్లెటూళ్లవాళ్లూ దిగేది ఆ గదుల్లోనే.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక తుఫానుకి వీధంతా ఆ హాల్లో చేరాం. గాలి పెరగగానే తాత పెద్ద తలుపు మూసేశాడు. మా నాన్న చీపురుపల్లి నుంచి ఇంకా రాలేదు. తెరిచి ఉంచమని అమ్మ కాళ్లావేళ్లా పడింది. ఆ క్షణాన నాకు తాత మీద అసహ్యం వేసింది. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"పెద్దది తీస్తే రేకులెగిరిపోతాయి. సిన్న తలుపున్నాది కదమ్మా, లేటుగా ఒచ్చీవోడి కోసమే ఎట్టినాను," అన్నాడు.

పెద్ద తలుపులోనే మనిషి వంగి దూరేంత తలుపు అది. దాని పక్కన స్టూలు వేసుకుని, గడియ మీద కుడి చెయ్యి వేసి కూర్చున్నాడు. గంజి ఇస్తే ఎడం చేత్తోనే తాగాడు. నాన్న ఒక్కసారి తట్టగానే తీశాడు. అంత హోరులో ఎలా వినపడిందని తర్వాత అడిగాను.

"సెవితో కాదే, సేత్తో ఇన్నాను."

నిన్న సమాధుల తోట నుంచి వచ్చాక హాలు తాళం నా చేతికిచ్చారు. ఈ సాయంత్రం అందరూ లోపలికి చేరారు, మా ఆయన తప్ప. బొబ్బిలిలో బస్సెక్కానన్నాడు, ఆ తర్వాత ఫోను కలవలేదు. పెద్ద తలుపు నేనే మూశాను. అమ్మ నా వైపు చూసి, స్టూలు తెచ్చి చిన్న తలుపు పక్కన వేసింది.

తాత స్టూలు మీద కూర్చుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఎడం చెయ్యి గడియ మీద ఉంది, తాత చెయ్యి రాసుకుని నున్నబడిన చోట. గాలికి తలుపు వణుకుతోంది. ఏది గాలో, ఏది మనిషో నా చేతికి ఇంకా తెలియడం లేదు.