హ్రుస్కా మేష్టారి తీర్పు

మిల్‌బర్గ్ బేస్‌బాల్ మైదానంలో డెల్బర్ట్ హ్రుస్కా కూర్చునే గది సరిగ్గా ప్రేక్షకుల నెత్తిన ఉంటుంది. దాని కిటికీకి రెక్కల్లేవు. ముప్ఫై ఏళ్ళు ఆ ఊరి బడిలో లెక్కలు చెప్పిన మేష్టారికి అక్కడ ఒకటే పని. బంతి కొట్టినవాడు ఔటవకుండా పరుగెత్తి మొదటి బేస్ చేరితే, అది వాడి గొప్పా, బంతి ఆపాల్సినవాడి తప్పా అని తేల్చాలి. గొప్పయితే హిట్.

ఆ ఆదివారం మధ్యాహ్నం సొంత జట్టుకి బంతి విసిరే పిచ్చర్ కోల్టన్ రీస్ ఎనిమిది ఇన్నింగ్స్‌లో ఒక్క హిట్టూ ఇవ్వలేదు. ఆ మైదానంలో అలాంటి ఆట ఎవరూ ఎరగరు. ఆ మాట పైకి అంటే చెడిపోతుందని నమ్మకం. అందుకే జనం వాన గురించి, మొక్కజొన్న గురించి మాట్లాడుకుంటున్నారు. పల్లీలమ్మే వెండెల్ కేకలు మానేసి సైగలతో అమ్ముతున్నాడు.

తొమ్మిదోది, ఆఖరి ఇన్నింగ్స్. ఇంకొక్కడు ఔటైతే చాలు. బంతి నేలబారున దూసుకొచ్చింది. సొంత జట్టు ఫీల్డర్ యాదియెల్ దానికోసం ఒళ్ళంతా చాచి పక్కకి దూకాడు. బంతి అతని గ్లవ్ అంచుకు తగిలి గడ్డిలోకి దొర్లింది. కొట్టినవాడు బేస్ చేరాడు.

రెండువేల తలలు కిటికీ వైపు తిరిగాయి.

"తప్పే మేష్టారూ! గ్లవ్‌కి తగిలింది!"

"లెక్కల్లో నాకు ముప్ఫై రెండే వేశారు, ఇదొక్కటైనా సరిగ్గా వెయ్యండి!"

"ఆ ముప్ఫై రెండూ జాలిపడి వేసినవేరా క్లిఫ్!" అన్నాడు వెండెల్.

గ్లవ్‌కి తగిలితే తప్పేనని ఊరంతా అనుకుంటుంది. నిబంధన అది కాదు. మామూలు ప్రయత్నంతో అందే బంతిని వదిలేస్తేనే తప్పు. డెల్బర్ట్ కళ్ళు మూసుకున్నాడు. ఆ రెప్పల వెనక యాదియెల్ ఇంకా గాల్లో అడ్డంగానే ఉన్నాడు. కళ్ళు తెరిస్తే, కింద కోల్టన్ తనవైపే చూస్తున్నాడు. మైకు నొక్కాడు.

"హిట్."

బోర్డు మీద హిట్ల గడిలో సున్నా ఒకటయింది. ఖాళీ కప్పులూ పల్లీ తొక్కలూ కిటికీలోంచి లోపలికొచ్చి పడ్డాయి. తర్వాతివాడు మొదటి బంతికే ఔటయ్యాడు. జట్టు గెలిచింది. చప్పట్లు మాత్రం పలచగా మోగాయి.

భార్య ఇర్మా కారు దగ్గర నిలబడి ఉంది. ఆమె ప్రతి ఆటా మూడో వరుసలో కూర్చుని, తన పుస్తకంలో బంతి బంతికీ రాసుకుంటుంది.

"నువ్వేం రాశావు?"

పుస్తకం చేతికిచ్చింది. ఆ గడిలో సిరాతో "తప్పు" అని ఉంది.

"ఇర్మా, అది ఎవడికీ అందే బంతి కాదు."

"తెలుసు. నాకూ కళ్ళున్నాయి."

"మరి?"

"ఊరి పుస్తకం నీది. ఇది నాది. ఇందులో ఆ పిల్లాడు ఒక్క హిట్టూ ఇవ్వలేదు."

డెల్బర్ట్ చెయ్యి అలవాటుకొద్దీ జేబులోని ఎర్రపెన్ను మీదికి పోయింది.

"తియ్యి, చూద్దాం," అంది ఇర్మా.

అతను చెయ్యి వెనక్కి తీసుకుని, నెత్తిమీది పల్లీ తొక్కలు దులుపుకుని, కారెక్కాడు.