ఆన్సెల్మ్ జేబులో పిస్తోలు

పోస్టుమాన్ ఆన్సెల్మ్‌కి అనుమానం రాని ప్రాణి ఆ ఊళ్లో లేదు. క్లెమాన్స్ కొట్లో రొట్టె కొంటే వాసన చూసి, తిరగేసి, అడుగున తట్టి మరీ తీసుకునేవాడు.

"ఇందులో ఏం కలిపావు?"

"విషం. రోజూ కలుపుతున్నా, మీరేమో పోరు!" అనేది క్లెమాన్స్.

ఇక కుక్కల సంగతి చెప్పక్కర్లేదు. ఆయన సైకిలెక్కితే చాలు, ఏడు పల్లెల కుక్కలు వెంటపడేవి. సైకిలువాళ్లు కుక్కల్ని బెదిరించుకోవడానికనే సెంతెతియెన్ పట్నంలో చేసే పిస్తోలొకటి, అరచేతిలో ఇమిడేది, మీట మడిచిపెట్టేది, ఆయన కోటు జేబులో ఉండేది. "ఇదంతా కుట్ర!" అని దాన్ని ఊపుతూ తొక్కేవాడు. ఊరు పడీపడీ నవ్వేది.

అందుకే ఏ కుక్కని చంపాల్సివచ్చినా మేయరు ఆయనకే అప్పగించేవాడు. కుక్కలంటే అంత కసి ఇంకెవరికుంది?

ఆ ఆదివారం క్లెమాన్స్ కుక్క గ్రొన్యోఁ, చర్చినుంచి వస్తున్న నోటరీగారి పిక్క పట్టుకుంది. మేయరు దాన్నీ ఆన్సెల్మ్‌కే అప్పగించాడు. మొగుడు పోయాక క్లెమాన్స్‌కి తోడు అదొక్కటే.

"మీకు పుణ్యముంటుంది, వదిలెయ్యండి" అని ఏడ్చింది.

"దాని చూపు చూశావా? ఏదో పన్నాగంలో ఉంది" అంటూ ఆయన తాడు పట్టుకుని చాకిరేవు వెనక్కి లాక్కుపోయాడు.

ఢాం!

క్లెమాన్స్ పొయ్యిలోంచి రొట్టెలు తీసే తెడ్డు పట్టుకుని పరుగెత్తింది. వెళ్లి చూస్తే ఆన్సెల్మ్ నేలమీద చతికిలబడి, పిస్తోల్లో తూటాలు పెట్టే తొర్రల్లోంచి ఎండు పందిమాంసం పీలికలు పుల్లతో పొడిచి తీస్తున్నాడు. గ్రొన్యోఁ చప్పరిస్తోంది.

"ఎవరది? వెంబడించావా? నాకు ముందే అనుమానం!"

"ఆ... ఆ చప్పుడేమిటండీ?"

"ఒక తొర్రలో ఉత్త తుపాకిమందు, మేయరు చెవులకి. నాలుగు తొర్రలు వీడి నోటికి."

"మరి ఇదివరకటి కుక్కలు?"

"నా దారిలో పొలాలు లేవూ? కాపలాకి పొలానికొకటి. వీణ్ణీ అక్కడే దింపుతా. గురువారం రొట్టెలు పట్టుకుని రా, చూసుకుందువు గాని. నోరు జారావో, ఈ పని ఇంకొకడికిస్తారు. వాడు నిజంగానే కాలుస్తాడు!"

ఏడు పల్లెల కుక్కలు ఆయన వెంట ఎందుకు పడతాయో క్లెమాన్స్‌కి అప్పుడు తెలిసింది. తెడ్డు కింద పడేసి, ఏడుస్తూనే నవ్వేసింది.

మర్నాడు ఊరు ఊరంతా ఆమెని ఓదార్చడానికి కొట్లో చేరింది. ఆన్సెల్మ్ లోపలికి రాగానే అందరూ మొహం తిప్పుకున్నారు. క్లెమాన్స్ రొట్టెతోపాటు జిడ్డు కాయితం పొట్లం ఒకటి ఆయన చేతిలో కుక్కింది.

ఆయన వాసన చూశాడు.

"ఇందులో ఏం కలిపావు?"

"విషం" అంది క్లెమాన్స్, కళ్లు తుడుచుకుంటూ.

ఆయన పొట్లం జేబులో వేసుకుని సైకిలెక్కాడు. వీధి మలుపు దగ్గర అప్పుడే నాలుగు కుక్కలు కాచుకుని ఉన్నాయి.