మా వంటింటి యెస్

"ఏంటమ్మా, ఈ పిల్లకు ఇంగ్లీష్ నువ్వే నేర్పినవా? మొత్తం పాడు చేసినవ్ గదా," అంది టీచరమ్మ, తాగేసిన కాఫీ కప్పు నా చేతికిస్తూ.

తెలుగులో అంది. అదీ నా కడుపుమంట. ఇంటివాళ్లకు అర్థం కాకుండా, నాకు మాత్రం సూటిగా తగిలేలా అంది. ఫహాహీల్‌లో సముద్రం కనిపించే ఆ ఫ్లాట్‌లో తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే. ఆమె హైదరాబాద్‌లో పుట్టి, ఇంగ్లండులో చదివి, కువైట్‌లో ఉన్నవాళ్ల పిల్లలకు ఇంగ్లీషు చెప్పుకునే మనిషి. నేను రాయచోటి నుంచి వచ్చి ఆ ఇంట్లో వంటా పనీ చూసుకునేదాన్ని. మా ఇద్దరి మధ్యా కూర్చున్న పిల్ల జపాన్ అమ్మాయి. పాడైందని ఆమె అంటున్నది ఆ పిల్ల ఇంగ్లీషు.

"నేను నేర్పలేదు మేడం," అన్నాను. "ఇద్దురం మాట్లాడుకుంటాండాము, అంతే. ఇన్నేండ్లల్లో ఒగరి మాట ఒగరికి అర్థం గాలేదనేది లేదు."

ఆమె నవ్వి పుస్తకం తెరిచింది. పనిమనిషి ఎదురు చెబితే నవ్వేవాళ్లుంటారు, కసిరేవాళ్లుంటారు. నాకు కసిరేవాళ్లే నయం అనిపిస్తుంది. తిరిగి ఏదో ఒకటి అనడానికి వీలుంటుంది.

అంతకు ముందు ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో చేశాను. అక్కడి యజమానురాలిని అందరిలాగే మామా అనేదాన్ని. ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే పర్మిట్టు, ఈ ఇంటి మీదికి మారాక అలవాటుగా ఈవిడనూ మామా అనబోతే, చేతులు అడ్డంగా ఊపి వద్దంది. 'ఓక్‌సాన్' అనమంది. వాళ్ల భాషలో ఇంటి ఇల్లాలని అర్థమట. వాళ్లాయన చమురు కంపెనీలో ఇంజనీరు, సాయంత్రం వచ్చి, తిని, పేపరు చూసుకునే మనిషి. ఓక్‌సాన్‌కు ఇంగ్లీషు నాలుగు ముక్కలే వచ్చు. ఇక ఆ ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడుకోవడానికి మిగిలింది నేనూ ఆ పిల్లా.

జపాన్‌వాళ్ల బడి కువైట్‌లో తొమ్మిదో తరగతితో సరి. ఆ పైన చాలామంది పిల్లలు సొంత దేశానికి పోతారు. ఈ పిల్ల పోనంది. మొండికేసి ఇంగ్లీషు బడిలో చేరింది. చేరిన కొత్తలో అక్కడ నోరు విప్పేది కాదు. ఆ విప్పని నోరంతా మధ్యాహ్నం వచ్చి నా దగ్గర విప్పేది. నేను బియ్యం కడుగుతుంటే స్టూలు లాక్కుని కూర్చుని, బడిలో ఎవరేమన్నారో, తను ఏమనాలనుకుని అనలేకపోయిందో అంతా చెప్పేది. నా ఇంగ్లీషు ఇంటర్మీడియట్ దాకా తెలుగు మీడియంలో చదివిన ఇంగ్లీషు. దాని మీద కువైటీ ఇంటి అరబీ, తోటి పనివాళ్ల హిందీ చల్లుకుని వాడేదాన్ని. పిల్ల కూడా అన్నం చాలంటే ఖలాస్ అనేది, బయల్దేరదామంటే యల్లా అనేది.

శుక్రవారం షర్క్ చేపల మార్కెట్‌కు ముగ్గురం వెళ్లేవాళ్లం. ఓక్‌సాన్ చేప కళ్లు చూసి కొనేది. పిల్ల మొప్పలు ఎత్తి లోపల చూసేది. అమ్మేవాడు కసిరితే ఒక నిమిషం ఆగి మళ్లీ ఎత్తేది. మనం చందువ అనే చేపను అక్కడ జుబేదీ అంటారు. అది ఏటికేడు ఎందుకు తగ్గిపోతోందని అతన్ని అడిగింది ఒకసారి. అల్లా ఇష్టం అన్నాడతను. నాకది చాలు, ఆ పిల్లకు చాల్లేదు. సముద్రం గురించే చదవాలని, అదీ స్కాట్లండ్‌లో ఒక యూనివర్సిటీలో చదవాలని అప్పటికే నిశ్చయం చేసుకుంది.

తండ్రి లెక్క వేరు. బయటి దేశాల్లో పెరిగి వచ్చిన జపాన్ పిల్లలకు అక్కడి యూనివర్సిటీల్లో వేరే దారి ఒకటి ఉంటుందట. ఆ దారిన టోక్యో పోతే సీటు సులువు, ఉద్యోగం సులువు. తెలియని చలిదేశంలో ఒంటరిగా ఎందుకని ఆయన బాధ. చివరికి ఒక మాట మీదికి వచ్చారు. ఆ ఒక్క యూనివర్సిటీకే ప్రయత్నించాలి. కంప్యూటర్‌లో ఇంటర్వ్యూ ఉంటుంది. అందులో తీసుకోకపోతే మారుమాట్లాడకుండా టోక్యో. అలా వచ్చింది టీచరమ్మ.

పాడు చేశానన్నది ఎందుకంటే, "నువ్వు ఆటలేవీ ఆడవా?" అని ఇంగ్లీషులో అడిగింది ఆమె. పిల్ల "యెస్" అంది. ఏ ఆట అంటే, ఏదీ ఆడను అంది. ఇంగ్లీషువాళ్లకు అక్కడ నో అనాలట. ఆ తిరకాసు నాకెప్పుడూ పట్టుబడలేదు. తినలేదా అంటే 'ఆఁ, తినలేదు' అనే మనిషిని నేను. ఆకలి లేదా అని నా ఇంగ్లీషులో అడిగితే పిల్ల యెస్ అనేది, నేను పళ్లెం తీసేసేదాన్ని. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అయినా టీచరమ్మ చెప్పింది తప్పని అనను. స్కాట్లండ్‌లో కూర్చున్న మనిషి మా వంటింట్లో లేడు కదా. నాకు మండింది పాపమంతా తెచ్చి నా నెత్తిన రుద్దినందుకు.

టీచరమ్మ ఇంటివాళ్లకూ చెప్పిపోయినట్టుంది, మర్నాడు ఓక్‌సాన్ వంటింట్లోకి వచ్చింది. రెండు చేతులతో జపాన్ మిఠాయి డబ్బా ఇచ్చి, నడుం వంచి సారీ చెప్పింది. "ప్లీజ్. ఇంటర్వ్యూ ఫినిష్, దెన్ టాక్. నౌ, నో ఇంగ్లీష్," అంది.

కువైటీ ఇంట్లో మామా అరిచేది. ఆ అరుపులు పొద్దుటికి మరిచిపోయేదాన్ని. ఈవిడ మర్యాదగా వంగి నా నోరు కుట్టేసింది. ఆ పిల్లకు నేను అంటుజబ్బునా? ఆ డబ్బా విప్పలేదు. ఫ్రిజ్ మీద పెట్టేశాను, వచ్చినప్పుడల్లా ఆమెకు కనపడేలాగా.

వద్దన్నది ఇంగ్లీషే కదా. మధ్యాహ్నం పిల్ల వచ్చి బిక్కమొహం వేసుకుని గుమ్మంలో నిలబడితే, "దా పాపా, కూచో. ఏం తింటావు?" అన్నాను తెలుగులో.

ఒక్క క్షణం తెల్లమొహం వేసి, స్టూలు లాక్కుంది. ఇక ఆ రోజు నుంచి తెలుగే. చేప, అన్నం, ఉప్పు, చాలు, ఇంకా. మాటలు దొరికిన కొద్దీ వాటిని అటూ ఇటూ తిప్పి చూసేది, అచ్చం చేప మొప్పలు ఎత్తి చూసినట్టే. తన భాషలోలాగే మన దగ్గరా చేసే పని వాక్యం చివర్లో వస్తుందని కనిపెట్టింది. వాళ్లు ప్రశ్నకు చివర 'కా' అంటారట, మనం 'ఆ' అంటాం. ఇంగ్లీషు కన్నా ఇది సులువు ఆంటీ అని సైగలతో చెప్పింది.

ఒకరోజు "ఆకలి లేదా?" అన్నాను. "ఆఁ, లేదు," అంది. అని ఆగిపోయింది. లేచి హాల్లోకి పోయి వాళ్లమ్మను చెయ్యి పట్టి తీసుకొచ్చింది. నా ముందే వాళ్ల భాషలో ఏదో అడిగింది. ఓక్‌సాన్ "హై" అంది. పిల్ల నా వైపు తిరిగి, "అమ్మకి ఆకలి లేదా అన్నాను. హై అంది. హై అంటే యెస్. ఆంటీ, సేమ్," అంది.

ఆ చివరి ముక్క ఇంగ్లీషులోనే అంది. ఓక్‌సాన్‌కు విషయం అర్థమై మొహం ఎర్రబడింది. రాయచోటిలో మా ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనూ అంతే, తినలేదా అంటే హాఁ, నహీఁ ఖాయా అంటాం. అంటే నా మీద మోపిన ఆ యెస్ పిల్లకు తల్లిపాలతో వచ్చిందన్నమాట. టీచరమ్మ రాగానే గుమ్మంలోనే చెప్పాను.

"మేడం, ఆ యెస్ వాళ్లమ్మది. నాది గాదు."

"ఎవరిదైతే ఏందమ్మా, అక్కడ నడ్వది," అంది ఆమె. నిజమే, నడవదు. అయినా ఎవరిదో తేలాలి కదా.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం నన్ను మిక్సీ వేయొద్దన్నారు. వంటింటి తలుపు మాత్రం మూయలేదు, పిల్ల మూయనివ్వలేదు. ఓక్‌సాన్ సోఫా అంచున కూర్చుని రుమాలు మెలిపెడుతోంది. టీచరమ్మ కెమెరాకు కనపడకుండా గోడవారగా కుర్చీ వేసుకుంది. కంప్యూటర్‌లో మనిషి గొంతు మెత్తగా ఉంది. నాలుగు ప్రశ్నలు బాగానే నడిచాయి. తర్వాత, "నువ్వు ఇంతవరకు ఇల్లు వదిలి ఒంటరిగా ఉండలేదా?" అని అడిగాడు.

"యెస్," అంది పిల్ల.

టీచరమ్మ నుదురు కొట్టుకుంది. ఆయన, ఓ, ఉన్నావా, ఎక్కడ అని అడుగుతున్నాడు. పిల్ల మాట్లాడలేదు. అంత సేపు మాట్లాడకపోతే సీటు పోతుందని టీచరమ్మ ముందే బెదిరించి ఉంది. టోక్యో నా కళ్లకే కనిపించింది.

అప్పుడు పిల్ల నిదానంగా ఇంగ్లీషులో చెప్పింది. "నా భాషలో, మా వంటింట్లో ఉన్న ఆంటీ భాషలో, యెస్ అంటే మీరన్నది నిజం అని. మీరన్నది నిజం. నేను ఒంటరిగా ఎప్పుడూ ఉండలేదు. మీ భాషలో అయితే నో."

అవతల ఆయన నవ్వాడు. టీచరమ్మ నవ్వులాంటిది కాదు. ఆంటీది ఏ భాష అని అడిగాడు. తెలుగు అంది. ఇంకా ఏం గమనించావన్నాడు. చెప్పింది. అక్కణ్నుంచి షర్క్ మార్కెట్‌కు, జుబేదీకి, దాని మొప్పలకు వెళ్లిపోయారు. నేను ఏడ్చాను. ఉల్లిపాయలు కోస్తున్నానని చెప్పుకోవడానికి దగ్గర ఉల్లిపాయ కూడా లేదు.

సీటు వచ్చింది. వచ్చిన రోజు రాత్రి భోజనాల దగ్గర నేను సూప్ వడ్డిస్తుంటే, ఆయన తలెత్తకుండా కూతుర్ని ఒక మాట అడిగాడు. అప్పటికి వాళ్ల వాక్యం తోకా తలా నాకు తెలుస్తున్నాయి. మానుకోవా అని అడిగాడు.

"హై," అంది పిల్ల.

ఎవరూ నాకు తర్జుమా చేయలేదు. అవసరం లేకపోయింది. ఆయన ఇంకొంచెం అన్నం పెట్టమని నా వైపు గిన్నె చాపాడు.

పిల్ల సామాను సర్దుకునే రోజుల్లో ఓక్‌సాన్ ఒంటరిగా వంటింట్లోకి వచ్చింది. ఫ్రిజ్ మీద ఆ డబ్బా ఇంకా అలాగే ఉంది. దాన్ని చూసింది, నన్ను చూసింది. ఉన్న నాలుగు ముక్కలూ కూడగట్టుకుని, "యూ... నాట్ యాంగ్రీ?" అంది.

"యెస్," అన్నాను.

ఆమె మొహం విప్పారింది. వంగి, థాంక్యూ చెప్పి, తేలిగ్గా నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆమె తన భాషలో విన్నది. నేను మాత్రం అది టీచరమ్మ ఇంగ్లీషులో అన్నాను, ఒక్క తప్పు లేకుండా.