పెద్దబాపు చేసిచ్చిన ఆయుధాలు

గత మంగళవారం పొద్దున మా పెద్దబాపు పోయాడు. ఛాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నాడట. పెద్దమ్మ లోపలికి వెళ్లి వచ్చేసరికి అంతే. కోర్టు ఎదుట చెట్టు కింద నేను టైపు చేస్తుండగా కబురు వచ్చింది. అఫిడవిట్‌ను సగంలో వదిలేసి నయాపూల్ మీదుగా ఇంటికి నడిచాను. ఆ పూట పత్తర్‌గట్టిలో దుకాణాలు సగం షట్టర్లు దించుకుని ఉన్నాయి. ఎక్కడో ఏదో జరిగిందని అందరూ అంటున్నారు, ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. మా వైపు ఇది మామూలే. ఆయన్ని మధ్యాహ్నంలోపే తీసుకుపోవాలని తొందరపడ్డారు. కూర్చుని ఏడవడానికి కూడా వ్యవధి దొరకలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండడు. ఒక సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. నాకు ఆరేళ్లప్పుడు మా నాన్న పోతే, తన తమ్ముడి కూతుర్నని నన్ను తెచ్చి పెంచుకున్నాడు. సాయంత్రం బస్సు దిగి రాగానే చేతులకు అంటిన ఇనుప రజను చాలాసేపు కడుక్కునేవాడు. ఎవరికైనా కూరగాయల కత్తి ఇవ్వాల్సి వస్తే పిడి వాళ్ల వైపు తిప్పి ఇచ్చేవాడు, వాళ్ల పట్టు బిగిసేదాకా వదిలేవాడు కాదు. పెద్దమ్మ విసుక్కునేది.

ఆయనకు ఒక ఆట తెలుసు. విదేశంలో ట్రైనింగై వచ్చిన ఒక ఇంజనీరు ఫ్యాక్టరీలో దాని సంగతి చెప్పాడట. ఒకరు కథ చెప్తారు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులవుతారు. తలుపు తీయాలా, పారిపోవాలా, కొట్లాడాలా, ఎవరి సంగతి వాళ్లే తేల్చుకోవాలి. తరవాత పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే అనుకున్నది జరుగుతుంది, చిన్నది పడితే ఎదురు తిరుగుతుంది. ఇంజనీరు చెప్పినదాంట్లో ఆయనకు అర్థమైంది అంతే, మిగతాది సొంతంగా కల్పించుకున్నాడు. తుక్కు ఇత్తడి ముక్కను నెల రోజులు ఆకురాయితో రాసి పన్నెండు ముఖాల పాచిక చేశాడు.

ఆదివారాలు చాప మీద కూర్చుని నేను, పెద్దమ్మ ఆడేవాళ్లం. ఏడు వాకిళ్ల పాడుబడ్డ కోట ఒకటి ఉండేది కథలో. మేం ఏ గదిలోకి వెళ్లినా అక్కడి దీపం అప్పుడే ఆరినట్టు పొగ కక్కుతుండేది. మాకంటే ముందు ఎవరు నడుస్తున్నారో ఆయన ఎన్నడూ చెప్పలేదు.

ఆట మొదట్లో నేను అడిగాను. "అందరికీ కత్తులే కదా పెద్దబాపూ?"

"కత్తి ఎవ్వల చేతులనైనా ఒక్క తీరుగనే ఉంటది బిడ్డా. నీ చేతులకెంచి గుంజుకుంటే నీకు ఏడుపు రావాలె. గసుంటిది చేసిస్తా."

ఎవరి ఆయుధం వాళ్లకు వేరుగా చేసేవాడు. అంతకుముందు పది రోజులు వాళ్లతో ఏవేవో మాట్లాడేవాడు. తరవాత పాత క్యాలెండరు కాగితం వెనక బొమ్మ గీసి, కింద రెండు సంగతులు రాసేవాడు: అది ఏం చేస్తుంది, పట్టుకున్నవాళ్లను ఏం అడుగుతుంది. పెద్దమ్మకు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇసుర్రాయి పిడి వచ్చింది. దాన్ని తిప్పితే శత్రువు కాళ్ల కింద నేల తిరుగుతుంది. కానీ తిప్పినంతసేపూ ఆమె తన తల్లి విసురుతూ పాడిన పాట పాడాలి. మూడో చరణం పెద్దమ్మకు గుర్తు రాలేదు. ఒక ఆదివారమంతా ఆట ఆపి, కళ్లు మూసుకుని కూర్చుంది. గుర్తొచ్చాక పాడలేకపోయింది.

నాకు వచ్చింది దబ్బనం. మా నాన్న కోర్టులో కాగితాలు కుట్టిన దబ్బనం. కథలో అది అబద్ధమాడినవాడి పెదవులు కుట్టేస్తుంది. పట్టుకున్నవాళ్లు అబద్ధమాడితే వాళ్ల వైపే తిరుగుతుంది. చదివి నవ్వాను. పెద్దబాపు నవ్వలేదు.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు మా వైపు గొడవలు లేచాయి, కర్ఫ్యూ పెట్టారు. మొదటి రోజే పక్కింటి దర్జీని దారిలో పొడిచి చంపారు. పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో బట్ట కత్తిరించే పని అతనిది. ఎవరు పొడిచారో తెలియలేదు. ఇంట్లో తమ్ముడు యాదగిరి ఒక్కడే మిగిలాడు. ఇరవై రెండేళ్లుంటాయి. ఊరికి వెళ్లిన తల్లి కర్ఫ్యూ వల్ల తిరిగి రాలేకపోయింది. రెండు రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. మూడో రోజు పెద్దబాపు మిద్దె గోడ దాటి వెళ్లి అతన్ని మా ఇంటికి తెచ్చాడు. అన్నం పెట్టినా తినలేదు. ఆట గురించి చెప్తే మాత్రం విన్నాడు.

"నాకు కత్తి ఇయ్యి" అన్నాడు.

"కత్తి లేదు" అన్నాడు పెద్దబాపు. ఆ సాయంత్రం అతని పక్కన చాలాసేపు కూర్చుని వాళ్ల అన్న సంగతులు అడిగాడు. మర్నాడు కాగితం ఇచ్చాడు. దాని మీద అన్న కత్తెర గీసి ఉంది. అది దేన్నైనా కోస్తుంది. కానీ అది ఎవరిని కోసినా, ఆ మనిషి ఇంటి నుంచి ఒకరు నిన్ను పేరు పెట్టి అడుగుతూ వస్తారని రాసి ఉంది.

యాదగిరి అది రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆటలో అతను ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, ఎదురొచ్చినవాళ్లను కోసుకుంటూ పోయేవాడు. పాచిక కూడా అతనికి పెద్ద అంకెలే వేసేది. నాకు ఆ కోట అంటే భయం పుట్టింది. ఒకసారి పాచిక కోసం ముందుకు వంగినప్పుడు అతని చొక్కా పైకి లేచింది. నడుము దగ్గర నిజం కత్తి ఉంది. నేను చూసినట్టు అతను చూశాడు. చొక్కా కిందికి లాక్కున్నాడు.

వంటింట్లో పెద్దబాపు నన్ను మెల్లగా అడిగాడు. "పోరని తీరు నాకు మంచిగ అనిపిస్తలేదు. నీకేమన్న కనవడ్డదా?"

"లేదు పెద్దబాపూ."

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. అతని మీద జాలి కావచ్చు. అతని చూపు కావచ్చు.

మర్నాడు మధ్యాహ్నం ఆటలో ఐదో వాకిలి దగ్గరికి వచ్చాం. కావలివాడు తలుపు తీసి పక్కకు జరిగాడు. అయినా యాదగిరి అతన్ని కోశాడు. పెద్దబాపు కథ చెప్పే గొంతుతోనే అన్నాడు.

"కావలోని తమ్ముడు వచ్చిండు. నిన్ను అడుగుతుండు. నీకంటే ముంగట నా దగ్గరికి వచ్చి, ఆయుధం చేసియ్యమంటుండు. ఏం చేసియ్యాల్నో నువ్వే చెప్పు."

"ఏం ఇయ్యకు."

"నీకు ఇచ్చిన కదరా."

యాదగిరి ముఖం తెల్లబోయింది. అదే సమయానికి వీధిలో జీపు మైకు వినిపించింది, నాలుగు నుంచి ఆరు దాకా సడలింపు అని. అతను లేచాడు. "పాలు తెస్తా" అని వెళ్లిపోయాడు. గిన్నె తీసుకోలేదు.

"నీ వంతు బిడ్డా" అన్నాడు పెద్దబాపు. నేను పాచిక పట్టుకుని కూర్చున్నాను.

"మాట్లాడవేంది? నీ దబ్బనం ఎటు తిరిగింది?"

"నా దిక్కు" అన్నాను. "వాని నడుముల కత్తి ఉన్నది. నిన్ననే చూసిన."

ఆయన నన్ను తిట్టలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా, బనీను మీదే బయటికి పరుగెత్తాడు.

ఆ రెండు గంటలు నేను, పెద్దమ్మ గడపలో నిలబడ్డాం. జనం సంచులతో, కిరసనాయిలు డబ్బాలతో ఉరుకుతున్నారు. ఐదున్నరకు వీధి పలచబడింది. ఆరుకు కాస్త ముందు ఇద్దరూ మలుపు తిరిగి వచ్చారు. పెద్దబాపు బనీనంతా రక్తం. పెద్దమ్మ గోడ పట్టుకుంది.

జరిగింది ఆయన ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఏళ్ల తరవాత యాదగిరే నాకు చెప్పాడు. అతను వంతెన దాటి అఫ్జల్‌గంజ్‌లో ఒక మూసిన దుకాణం ముందు నిలబడ్డాడు. ఎవర్నో ఒకర్ని పొడవాలనుకున్నాడు, ఫలానా మనిషని కాదు. పాల క్యాను పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు. యాదగిరి అతని వెనక నాలుగు అడుగులు వేసి కత్తి తీశాడు. అప్పుడే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి పదునునే పట్టుకుంది. గుంజినా వదల్లేదు. "ఎవలో తెలువక ఇంకో రెండు సార్లు గుంజిన అక్కా" అన్నాడు యాదగిరి. ముసలాయన వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడట. తిరిగి వస్తూ కత్తిని మూసీలో వేశారు.

పెద్దబాపు కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. రేకు తగిలి తెగిందని ఫ్యాక్టరీలో చెప్పాడు. ఆకురాయి పట్టలేని ఫిట్టర్ని స్టోర్సులో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. పాచికను ఏం చేశాడో తెలియదు, మళ్లీ ఎన్నడూ ఆడలేదు. ఒక్కసారి మాత్రం పెద్దమ్మతో అన్నాడట. "కత్తెర చేసిచ్చింది నేనే. వాని చేతికి అలవాటు చేసింది నేనే." ఆ మాట ఆయన్ని చివరిదాకా తొలిచింది. నేను ఒక రోజు ముందే నిజం చెప్పి ఉంటే ఆ చెయ్యి దక్కేది. ఆ సంగతి ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆట యాదగిరిని అటు నెట్టిందో, ఇటు లాగిందో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అతను తన అన్న పనిచేసిన దుకాణంలోనే చేరాడు. ఇద్దరు పిల్లలు. గొడవలని వినపడితే మొదట ఇంటి తలుపు వేసుకునేది అతనే.

కర్ఫ్యూ ఎత్తేశాక నెల రోజులు పెద్దబాపు చేతికి కట్టు ఉంది. ఆ నెలంతా ఫ్యాక్టరీ బస్సు వేళకు ముందు యాదగిరి మా ఇంటికి వచ్చేవాడు. పెద్దబాపు ఖాకీ చొక్కా తొడుక్కుని కిటికీ దగ్గర నిలబడేవాడు. యాదగిరి కింది నుంచి ఆయనకు ఒక్కో గుండీ పెట్టుకుంటూ వచ్చేవాడు. మెడ దగ్గర పై గుండీ అతని వేళ్లకు ఒక పట్టాన దొరికేది కాదు. పెద్దబాపు గడ్డం పైకెత్తి, గొంతు అతని చేతుల ముందుంచి, ఆ గుండీ పట్టేదాకా కదలకుండా నిలబడేవాడు.