ముత్యం రంధ్రం అంచున గీత

1995 నవంబరు 18, శనివారం, మధ్యాహ్నం మూడూ నలభై. పక్కింటి టీచరు గారు మా తార్నాక ఇంట్లో భోజనాల బల్ల మీద స్టీలు డబ్బా పెట్టి మూత తీశారు. లోపల ముత్యాల దండ. యాభై ఏడు ముత్యాలు, సున్నం కొట్టిన గోడలా వెలవెలబోతున్నాయి.

"ఇవి మావి కావండి మేడంగారూ. మా నాన్న కాకినాడ రేవులో పనిచేసేటప్పుడు కొన్నవి సముద్రపు ముత్యాలు. ఇవేవో మంచినీటివి. మీరే తేల్చండి."

ఆమె వెనక కోడలు నిలబడి ఉంది. పెళ్లయి ఆరు నెలలు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్సులో పెరిగిన పిల్ల. పెళ్లిలో అత్తగారే ఆ దండ ఆమె మెడలో వేశారు. అక్టోబరులో దారం తెగితే కాచిగూడలో పూసల కొట్టు నడిపే వాళ్ల అన్న దగ్గర గుచ్చించి తెచ్చింది. అక్కడే ముత్యాలు మారిపోయాయని టీచరు గారి మాట. ఆ మాట ఆ పొద్దున చర్చిలో ఆడవాళ్ల కూటంలో నలుగురి ముందూ అనేశారు. అయిదింటికి అన్న వచ్చి చెల్లెల్ని తీసుకుపోతానని కబురు పంపాడు. కొడుకు డ్యూటీ మీద కాజీపేటలో ఉన్నాడు.

"పంటికి రాసి చూసిన మేడం, గరుకుగనే ఉన్నయి," అంది కోడలు.

"అది అసలుకీ నకిలీకీ తేడా చెబుతుందమ్మా. ఉప్పునీటివా, మంచినీటివా అన్నది చెప్పదు," అన్నాను.

"వినపడిందా?" అన్నారు టీచరు గారు.

యూనివర్సిటీ క్యాంపస్‌లో ముప్పై ఒక్క ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను. పెంపకపు సముద్రపు ముత్యంలో నడుమ ఆల్చిప్ప పెంకుతో చేసిన గుండు ఉంటుంది. ముత్యపు చిప్ప దాని చుట్టూ పలచగా పొర కడుతుంది. మన బజారుకు వచ్చే మంచినీటి ముత్యంలో సాధారణంగా గుండు ఉండదు, లోపలి దాకా అంతా పొరే. తేడా అక్కడ వెతకాలి.

కిటికీలు మూసి, టార్చికి చిల్లు పెట్టిన నల్ల కాగితం కట్టి, ఆ వెలుగు మీద ముత్యాన్ని తిప్పాను. లోపల గుండు ఉంటే చారలు మెరిసి మాయమవ్వాలి. మొదటిదానిలో ఏమీ లేదు. రెండోదానిలో లేదు. మూడోదానిలో కూడా లేదు.

"ఇంకా ఏం చూస్తారండీ?" టీచరు గారి గొంతులో కోపం కన్నా తొందర ఎక్కువ. "పూసలమ్మే వాళ్ల ఇంట్లో పిల్లని చేసుకున్నప్పుడే అనుకోవాల్సింది."

"మా అన్నను అనకుండ్రి అత్తమ్మా. నన్నేమన్నా అనుండ్రి."

పై పొర మసకబారితే చారలు కనపడకపోవచ్చు. రంధ్రంలోకి చూడాలి, అందుకు దారం కొయ్యాలి. అడిగాను. "కొయ్యండి," అన్నారు టీచరు గారు.

కిటికీ తెరిచి, లెన్సు కంటికి ఆనించి ముత్యాన్ని ఆ వెలుగుకు పట్టాను. రంధ్రం అంచున సన్నని నల్ల గీత. గీతకు బయట ఉల్లిపొర మందాన ఒక తొడుగు, లోపల తెల్లటి గుండు. ఇంకొకటి చూశాను. పది చూశాను. నా మాట మీద ఒక పిల్ల పరువు ఉంది కాబట్టి యాభై ఏడూ చూశాను. అప్పటికి బయట స్కూటరు ఆగింది, అన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నీ సముద్రపువే. ఏదీ మారలేదు," అన్నాను. "కానీ పై పొరను ఏదో తినేసింది. దేనితో కడిగారు?"

"నేను కడగలె. డబ్బా తాళం అత్తమ్మ తాననే ఉంటది."

టీచరు గారు డబ్బా మూత వైపు చూస్తూ చెప్పారు. "నేనే. నిన్న రాత్రి. వెండి పళ్లెంతో పాటు చింతపండు రసంలో నానేసి తోమాను. అసలుది తోమేకొద్దీ మెరవాలి కదండీ? మెరవలేదు. పైపూత ఊడిందంటే కల్తీదే అనుకున్నా."

వెండికి చింతపండు మందు. ముత్యానికి ఆ పులుపే విషం. ఆ సంగతి చెప్పాను.

అన్న నవ్వాడు, ఆ నవ్వు వినడానికి బాగాలేదు. "చింతపండేసి దొంగను పట్టిన్రా? చారు గూడ కాచుకోకపోయిన్రు! చెల్లె, సామాన్ సర్దుకో."

"ఆగు అన్నా." కోడలు అత్తగారి ఎదుటికి వచ్చింది. "చర్చిల అందరి ముంగట దొంగ అన్నరు గదా. రేపు ఆదివారం. గా అందరి ముంగట్నే తప్పయిందని ఒక్క మాటనుండ్రి. నేను యాడికీ పోను."

టీచరు గారు పమిట సర్దుకున్నారు. "ఇంటి మాట ఇంట్లో చూసుకుందాం రామ్మా."

"బయట అన్న మాట ఇంట్లెట్ల చూసుకుంటమత్తమ్మా?"

నేను కూడా అన్నాను, "ఒక్క మాటే కదండీ టీచరు గారూ." ఆమె ముత్యాలు ఒక్కొక్కటిగా డబ్బాలో వేస్తూ కూర్చున్నారు. అయిదుంపావుకు స్కూటరు కదిలింది.

మరునాడు చర్చిలో ఆమె ఆ మాట అనలేదు. ఆ పై ఆదివారమూ అనలేదు.

పోయినవి ఇవి: యాభై ఏడు ముత్యాల మెరుపు. ఒక పట్టుదారం. కోడలు మళ్లీ ఆ గడప తొక్కలేదు. జనవరిలో కొడుకూ మెట్టుగూడకు మారాడు. తొమ్మిదేళ్లు రోజూ సాయంత్రం క్యాంపస్ రోడ్డు మీద లైబ్రరీ మలుపు దాకా టీచరు గారూ నేనూ కలిసి నడిచేవాళ్లం, అదీ పోయింది. ముత్యాలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు.