ఎర్రమట్టి మీద రెండు గుర్తులు

అంపైర్ కుర్చీ ఎక్కినవాళ్లకు ఇష్టాయిష్టాలు ఉండకూడదట. ఆ మాట చెప్పినవాళ్లెవరూ రమీరో ఆట చూసి ఉండరు.

ఆండాళ్‌ది వరంగల్. జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో కొత్త కార్ల రంగు మీద గీతలు, మచ్చలు వెతకడం ఆమె ఉద్యోగం. వారమంతా ఆ వెతుకులాట చాలనట్టు, సెలవు రోజుల్లో టెన్నిస్ కోర్టుల దగ్గర కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చునేది. "ఇంట్ల నా తప్పులు వట్టుడు అయిపోయిందా, ఇగ ఊరోళ్లవి వడ్తున్నవ్?" అని భర్త రవి ఏడిపించేవాడు. అలా అంటూనే ప్రతి మ్యాచ్‌కీ వెంట వచ్చేవాడు, అది వేరే సంగతి.

మొదట్లో ఆమెకు లైన్ దగ్గర నిలబడి, బంతి గీత దాటి పడితే "అవుట్" అని అరిచే పని ఇచ్చారు. తొలిరోజే నోరు పెగలలేదు. ఆమె అన్న "అవుట్" ఆమెకే వినపడలేదు. చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. అప్పుడు పరాగ్వే ఆటగాడు రమీరో ఒక్కడే దగ్గరికొచ్చి, "గట్టిగా అరవండి మేడమ్. తప్పయితే మట్టి చెబుతుంది" అన్నాడు. ఆ మాట లేకపోతే ఆండాళ్ మర్నాడు ఆ గేటు తొక్కేది కాదు.

రమీరో ఏటా వేసవికి జర్మనీ వచ్చేవాడు. రాకెట్ల సంచి భుజాన వేసుకుని, రైళ్లు మారుతూ, ఊరూరా చిన్న టోర్నమెంట్లు ఆడేవాడు. ఒక దశలో పెద్ద పోటీల గుమ్మం దాకా వెళ్లాడు. సరిగ్గా అప్పుడే మోకాలు దెబ్బతింది. ఇప్పుడు ముప్పై ఆరేళ్లు. ఈ టోర్నమెంటులో ఎక్కడ ఓడితే అక్కడితో ఆట మానేస్తానని అందరి ముందూ చెప్పేశాడు. ఈరోజు అంపైర్ కుర్చీలో ఉన్నది ఆండాళ్; లైన్ల దగ్గర ఎవరూ లేరు, అవుట్ చెప్పాల్సిందీ ఆమే. కోర్టులో ఉన్నది ఆ రమీరో.

అవతల యోనాస్ అనే కుర్రాడు. చివరి సెట్. ఇంకొక్క పాయింటు వస్తే గెలుపు యోనాస్‌దే. రమీరో మోకాలు అప్పటికే మొరాయిస్తోంది.

యోనాస్ కొట్టిన బంతి దూసుకొచ్చి రమీరో వెనక గీత దగ్గర పడింది. అతను అందుకోలేకపోయాడు.

"అవుట్!"

కోర్టంతా మారుమోగేలా అరిచింది ఆండాళ్. ఆ అరుపు కంటితో చూసి అరిచిందా, మనసు కోరుకుని అరిచిందా, ఆమెకే తెలియలేదు. యోనాస్ చెయ్యెత్తాడు. గుర్తు చూడమన్నాడు.

మట్టి కోర్టు మీద బంతి పడ్డచోట గుర్తు మిగులుతుంది. అది గీతను ఏమాత్రం తాకినా బంతి లోపల పడ్డట్టే లెక్క. ఆండాళ్ కుర్చీ దిగి అటు నడిచింది.

వంగి చూసింది. పక్కపక్కనే రెండు గుర్తులున్నాయి. ఒకటి గీతకు దూరంగా, రెండోది గీత అంచును తాకుతూ. ఒకటి ఎప్పటిదో పాతది. ఏది?

దూరంగా ఉన్నదే అయితే బాగుండును! తన మాట నిలుస్తుంది, రమీరో ఆట మిగులుతుంది. ఆమె వేలు అటే కదిలింది. కార్ల మీద వెంట్రుకవాసి గీతను పట్టే కళ్లు ఆ క్షణాన దేన్నీ పట్టదలుచుకోలేదు.

రమీరో అక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె వేలు వైపు చూశాడు, ఆమె ముఖం వైపు చూశాడు. తర్వాత గీతను తాకుతున్న గుర్తు దగ్గరికి కుంటుతూ వెళ్లి, దాన్ని బూటుతో తుడిచేశాడు.

మట్టి కోర్టులో ఆటగాడు తనవైపు గుర్తును తానే తుడిచేస్తే, పాయింటు అవతలివాడికి వదిలేసినట్టు. ఇంకెవరూ ఏమీ చెప్పే పని లేదు.

ఆండాళ్ ఎలాగో కుర్చీ ఎక్కింది. యోనాస్ గెలిచాడని ప్రకటించింది.

రమీరో వచ్చి చెయ్యి కలిపాడు. కళ్లు తడిగానే ఉన్నాయి, అయినా నవ్వాడు. "ఈసారి గట్టిగానే అరిచారు మేడమ్" అన్నాడు. ఆమె సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

గేటు బయట రవి ఎదురొచ్చాడు. "అంత దూరం నుంచి నాకేం కనవడలే. కరెక్టుగనే చెప్పినవ్ గదా?"

"నేను చెప్పలే" అంది ఆండాళ్. "ఆయిననే చెప్పిండు."